మూడు నిమిషాల ముక్క

బంతి పిడికిలి తగిలిన మొదటి దెబ్బకే ఫోన్ల షాపాయన కింద పడ్డాడు. అలా పడటం బంతికి నచ్చలేదు.

సినిమా సెట్లో ఎవరూ అలా పడరు. కొట్టేవాడి చెయ్యి చెంపకు బెత్తెడు దూరంలోంచి పోతుంది. దెబ్బ తినేవాడు సరిగ్గా ఆ క్షణానికి తల తిప్పుతాడు, ఒళ్ళు మెలితిప్పుతాడు, భుజం మీద దొర్లుతాడు. చప్పుడు ఆ తర్వాతెప్పుడో ఎవరో కలుపుతారు. ఇక్కడ చప్పుడు అప్పుడే వచ్చింది, తడిగుడ్డను బండకేసి బాదినట్టు. తల తిప్పడం తెలియని మనిషి నిలువునా కూలిపోయాడు. పడుతూ పడుతూ బల్ల మీదున్న డబ్బాను చేత్తో లాగేశాడు. డబ్బాలోని గోరంత గోరంత మెమరీ కార్డులు గచ్చంతా చెల్లాచెదురయ్యాయి.

"లేపు," అన్నాడు మేనేజరు.

నిర్మాత దగ్గర పాతికేళ్ళుగా పనిచేస్తున్న మనిషి ఆయన. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. గొంతు ఎప్పుడూ పెంచడు. కొనేవాళ్ళు కూర్చునే స్టూలు మీద రుమాలు పరుచుకుని మరీ కూర్చున్నాడు. బయట వ్యాన్లో వస్తున్నప్పుడే బంతికీ, మిగతా నలుగురు ఫైటర్లకీ విషయం చెప్పాడు. విడుదలకి పదిరోజులున్న సినిమాలోంచి మూడు నిమిషాల ముక్క బయటికి పొక్కింది. ఊరంతా ఫోన్లలో తిరుగుతోంది. "మీ పొట్ట మీద కొడుతున్నది వీళ్ళేరా. సినిమా పోతే నిర్మాతకి ఇంకో సినిమా ఉంటుంది. మీకేముంటుంది?" అన్నాడు. ఆ మాట అందరికీ తగిలింది. అందరికంటే ఎక్కువ బంతికే తగిలింది. ఎంత ఎత్తునుంచి పడేసినా లేచి నిలబడతాడని ఫైట్ మాస్టరు పెట్టిన పేరు అది. ఈమధ్య పడటానికీ లేవటానికీ మధ్య కాస్త ఎక్కువ సేపు పడుతోంది. ఆ సంగతి అతనికి తెలుసు.

పుంజు షాపాయనను చంకల కింద చేతులు వేసి లేపాడు. పుంజు ఫైటర్లలో చిన్నవాడు, మెడ నిక్కించి నడుస్తాడని ఆ పేరు.

"ఆ ముక్క నీకెవరిచ్చారు?" మేనేజరు అడిగాడు.

"అందరి దగ్గరా ఉంది సార్." షాపాయన పెదవి చిట్లింది. మాట్లాడుతుంటే రక్తం గడ్డం మీదకి కారుతోంది. "పొద్దున్నే షాపు తీసేసరికి పదిమంది నిలబడి ఉన్నారు, అది ఎక్కించమని."

"అడిగితే ఎక్కించేస్తావా? నీ అబ్బ సొమ్మా?"

"కాదు సార్. తప్పే. కాదని నేననట్లేదు." షాపాయన ఊపిరి తీసుకున్నాడు. "ఈ పేటలో ఉన్న ఒక్క హాలూ పడగొట్టి కార్ల షోరూం కట్టారు. సినిమా చూడాలంటే రెండు బస్సులు మారాలి. పోయి వచ్చేసరికి ఒక రోజు కూలి పోతుంది. ఇక్కడి వాళ్ళంతా సందుల్లో సిమెంటు మోసేవాళ్ళు, ఇళ్ళు ఊడ్చేవాళ్ళు. సాయంత్రం వచ్చి కార్డు నా చేతిలో పెట్టి, అన్నా ఏదో ఒకటి ఎక్కించు, నవ్వుకునేది ఏదైనా, అంటారు. కాదంటే పక్క సందులో ఇంకొకడున్నాడు. వాళ్ళు చూడకూడదా సార్?"

"చెయ్యి," అన్నాడు మేనేజరు.

ఎవరికీ అర్థం కాలేదు. మేనేజరు కళ్ళతో గుమ్మం వైపు చూపించాడు. పుంజు షాపాయన కుడిచేతిని గడప దగ్గరకి ఈడ్చి, వేళ్ళను గట్టు మీద పరిచి, మోకాలితో ముంజేతిని తొక్కిపట్టాడు. సన్నటి వేళ్ళు. పొద్దస్తమానం వెంట్రుక లాంటి తీగలు అతికించే వేళ్ళు.

"బంతీ, నువ్వు లాగు."

బంతి ఇనపకొక్కెం షట్టరుకి తగిలించాడు. వేళ్ళకు అంగుళం పైన ఆపుదామనుకున్నాడు. అది అతనికి వచ్చిన విద్యే. వేసే కత్తిని గొంతుకు అంగుళం దూరంలో ఆపటం, పడే మనిషిని నేలకు అంగుళం పైన పట్టుకోవటం. అలా అనుకున్నాడో, అనుకోలేదో, తర్వాత ఎంత గుర్తు తెచ్చుకున్నా అతనికే తేలలేదు. షట్టరు గడగడా జారింది. ఆగలేదు.

షాపాయన అరుపు షట్టరు చప్పుడులో కలిసిపోయింది. షట్టరు మళ్ళీ పైకి లేపాక అరుపు ఒక్కటే మిగిలింది.

"పెద్దాసుపత్రి," అన్నాడు కాసేపటికి, ముక్కు నేలకు ఆనించి. "ఎముకల వార్డులో వార్డుబాయ్. వాడే పంపాడు."

మేనేజరు లేచి రుమాలు దులిపి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

*

"ఈ దెబ్బ ఎక్కడిది?" అని అడిగింది భార్య.

సాయంత్రం ఇంటికొచ్చి బంతి చొక్కా విప్పి బోర్లా పడుకున్నాడు. అలవాటుగా ఆమె మందు సీసా తెచ్చుకుని పక్కన కూర్చుంది. అతని వీపు మీద ఏ మచ్చ ఏ సినిమాలోదో ఆమెకు కంఠతా వచ్చు. ఈసారి వీపు మీద కొత్తది ఏదీ దొరకలేదు. చెయ్యి తిప్పి చూస్తే పిడికిలి కణుపులు చర్మం లేచిపోయి ఉన్నాయి.

"షూటింగులో."

"షూటింగులో నీకు వీపు పగులుతుంది, మోకాలు పగులుతుంది. పిడికిలి ఎప్పుడూ పగల్లేదే."

మంచం మీద కూర్చుని మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్న అత్త అందుకుంది. "ఇన్నేళ్ళకి అల్లుడు కొట్టే వేషానికి ఎదిగాడేమోనే. సంతోషించక ప్రశ్నలేంటి? ఎన్ని సినిమాలు చూశాను, ఒక్కదాన్లోనైనా మొహం కనపడుతుందేమోనని. కనపడితే వీపు, లేకపోతే చెప్పులు. చెప్పుల్ని చూసి గుర్తుపట్టాను ఒకసారి. నేను కొనిచ్చినవే."

భార్య నవ్వలేదు. దూదిని మందులో ముంచి కణుపుల మీద అద్దింది. బంతి పళ్ళు కరుచుకున్నాడు. ఆమె కూడా చేతిపని చేసే మనిషే. బట్టల ఫ్యాక్టరీలో రోజంతా చొక్కాలకి కాలర్లు కుడుతుంది. సూది వేలిలోకి దిగిపోయిన రోజున కూడా నోరు మెదపకుండా గుడ్డ చుట్టుకుని మళ్ళీ మిషను తొక్కిన మనిషి. దెబ్బను చూస్తే చాలు, అది తగిలిందో తగిలించిందో ఆమె చెప్పగలదు.

"ఎవరిని కొట్టావు?" అంది మెల్లగా.

"దొంగని. మన పొట్ట కొట్టేవాడిని."

ఆ రోజు మందు మాత్రం ఎప్పటికంటే గట్టిగా రాసింది.

*

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ మారే వేళకి వార్డుబాయ్‌ని పట్టుకున్నారు. ఆసుపత్రి వెనక దుప్పట్లు ఉతికే షెడ్డు ఉంది. పెద్ద పెద్ద సిమెంటు తొట్లు, ఆవిరి, మందు వాసన. బట్టలు ఉతికేవాళ్ళు వీళ్ళను చూసి బయటికి తప్పుకున్నారు. వార్డుబాయ్‌కి ముప్ఫై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషే గానీ, మనుషుల్ని ఎత్తి ఎత్తి భుజాలు మాత్రం గట్టిపడ్డాయి.

మిగతావాళ్ళలో ఇద్దరు అతని చేతులు పట్టుకున్నారు. పుంజు కడుపులో గుద్దాడు. బంతి వంతు రాగానే అతను పక్కటెముకల కింద, ఊపిరి పోయే చోట, కొలిచినట్టు కొట్టాడు. ఎక్కడ కొట్టకూడదో ఏళ్ళతరబడి నేర్చుకున్నవాడికి ఎక్కడ కొట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు. వార్డుబాయ్ వాంతి చేసుకున్నాడు. పుంజు అతని తల పట్టుకుని తొట్టి అంచుకేసి కొట్టాడు. కనుబొమ్మ మీద చీలి, సబ్బునీళ్ళలో ఎర్రటి చార పాకింది.

"చెప్తాను," అన్నాడు వార్డుబాయ్. "కొట్టక్కర్లేదు, అడిగితే చెప్పేవాణ్ణి. ఇందులో దాచేదేముంది?"

"ఎంతమందికి పంపావు?"

"లెక్క పెట్టలేదు. వార్డులో అందరికీ చూపించాను." చొక్కా చేతితో కన్ను తుడుచుకున్నాడు. "మా వార్డులో మూలమంచం మీద ఒకాయన ఉన్నాడు. కడుతున్న మేడ మీదనుంచి జారి పడ్డాడు. రెండు కాళ్ళకీ కట్టు. నెలైంది, మాట్లాడడు, తినడు, గోడకేసి తిరిగి పడుకుంటాడు. ఆయనకి ఇది చూపించాను. చూడన్నా, ఈ మనిషి నీకంటే ఎత్తునుంచి పడ్డాడు, పడి లేచి నడుచుకుంటూ పోయాడు, అన్నాను. ఆయన ఫోను నా చేతిలోంచి లాక్కుని చూశాడు. మళ్ళీ చూశాడు. ఆ పూట పెట్టినదంతా తిన్నాడు. అప్పట్నుంచి వార్డులో అందరూ అడుగుతున్నారు, పంపుతున్నాను. ఇది నేరమని నాకు తోచలేదు."

"ఫోను," అన్నాడు మేనేజరు.

ఫోను తెరిపించి, బంతి చేతికిచ్చాడు. "నువ్వూ చూడు బంతీ. నీ కష్టమే. నీ దూకుడే దొంగిలించారు."

బంతి చూశాడు. నాలుగంతస్తుల మేడ, పగిలే అద్దం, గాల్లో తిరిగి పడే మనిషి. అట్టపెట్టెలు, పరుపులు, వాటి మీద పడి, ఒక్క క్షణం కదలకుండా ఉండి, లేచి, కెమెరా వైపు తిరిగిన మొహం. మసకగా ఉన్నా తనదే. కంప్యూటర్లో ఆ మొహం తీసేసి హీరో మొహం అతికించక ముందటిది. తెర అంచు వంకరగా ఉంది. ఎవరో ఫోనుతో తెర ముందు నిలబడి తీసింది. చివర్లో, తీస్తున్నవాడి గొంతు గుసగుసగా వినపడింది.

"అబ్బ, బాగా వచ్చింది."

ఆ గొంతు బంతిదే.

మూడు వారాల కింద, పడేటప్పటి మూలుగులు చెప్పటానికి తనను డబ్బింగు గదికి పిలిచారు. హీరోకి మూలగటం సరిగా రాలేదు. చీకటి గదిలో తెర మీద తన దూకుడు తనే మొదటిసారి చూసుకున్నాడు. రెండు రోజుల్లో ఆ మొహం చెరిపేస్తారని తెలుసు. మైకు ముందు నిలబడి, ఎవరూ చూడకుండా, చొక్కా జేబులోంచి ఫోను సగం బయటికి లాగి తీశాడు. ఇంట్లో భార్యకి తప్ప ఎవరికీ చూపించలేదు.

"ఆ చివరి గొంతు ఎవడిదో వాడే దొంగ," మేనేజరు అంటున్నాడు. "హీరో గారు డూప్ లేకుండా తనే దూకానని ప్రతి టీవీలో చెప్పి ఉన్నారు. ఇప్పుడు జనం నవ్వుతున్నారు. ఆయన తల ఎత్తుకోలేకపోతున్నారు. వాణ్ణి ఆయన కాళ్ళ దగ్గర పడేయాలి." వార్డుబాయ్ వైపు తిరిగాడు. "నీకెవరు పంపారు?"

"మా అక్క. బట్టల ఫ్యాక్టరీలో చేస్తుంది."

పుంజు బంతి వైపు చూశాడు. ఆ చూపు ఒక్క క్షణం ఎక్కువ నిలిచింది. వాళ్ళిద్దరూ పదేళ్ళుగా ఒకే తాడుకి వేలాడినవాళ్ళు. ఆ గుసగుస ఎవరిదో పుంజుకి తెలిసిపోయింది. బంతి తల అడ్డంగా ఊపాడు, ఉందో లేదో అన్నంత కొంచెం.

ఆ తర్వాత వ్యాన్లో మేనేజరు ఏమడిగినా బంతి తలే ఊపాడు. నోరు తెరవలేదు.

*

భార్య ఇంకా చెప్పులు విప్పలేదు. బంతి ఆమె చేతిసంచీ లాక్కుని ఫోను తీసి గోడకేసి కొట్టాడు. ఫోను రెండు ముక్కలై ఒకటి అత్త మంచం కిందకి పోయింది.

"ఎవరికి పంపావు?"

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. తర్వాత మెల్లగా చెప్పులు విప్పింది. "తెలిసిందన్నమాట."

"ఎవరికి పంపావే?"

"నా పక్క మిషను ఆమెకి. ఒక్కదానికే." ఆమె చెప్పుల్ని గోడవారగా జరిపింది. "భోజనాల దగ్గర అందరూ ఒకటే గొడవ, హీరో దూకాడట, నాలుగంతస్తుల నుంచి దూకాడట, ఏం మగాడమ్మా అని. నేను ఊరుకున్నాను. ఒకరోజు ఊరుకున్నా, రెండోరోజు ఊరుకున్నా. మూడోరోజు, అది మా ఆయన, అన్నాను. నవ్వారు. మీ ఆయన దూకితే మా ఆయన రాకెట్టు నడిపాడులే, అన్నారు. నువ్వు పడుకున్నప్పుడు నీ ఫోన్లోంచి పంపుకున్నాను. మర్నాడు చూపించాను. ఎవరూ నవ్వలేదు. నా పక్కామె ఏడ్చింది కూడా. నాకివ్వు, మా తమ్ముడు ఆసుపత్రిలో చేస్తాడు, చూపిస్తానంది. ఇచ్చాను."

బంతి చెయ్యి లేచింది. అతనికి తెలియకుండానే లేచింది. రెండు రోజులుగా అలవాటు పడిన చెయ్యి. ఆమె తల తిప్పలేదు, వెనక్కి జరగలేదు. ఆ పిడికిలి కణుపుల వైపు చూసింది.

"నిన్న దాని మీద మందు రాసింది నేనే," అంది. "ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను. ఆ దూకిన రోజు నువ్వు నెత్తురు కక్కుకుంటూ ఇంటికొచ్చి, ఎవరికీ చెప్పకు, పని పోతుంది అన్నావు. చెప్పలేదు. ఆ దూకింది ఎవరో చెప్పే హక్కు కూడా నాకు లేదా?"

చెయ్యి గోడకి తగిలింది. సున్నం పెచ్చు రాలింది. అత్త మంచం మీద ముడుచుకుపోయి, "బాబూ, బాబూ" అంటోంది.

బంతి గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. ఫోన్ల షాపాయన వేళ్ళ సంగతి చెప్పాడు. తొట్టిలో కారిన నెత్తురు సంగతి చెప్పాడు. చెబుతుంటే, జరిగిన దానికంటే ఎక్కువ ఘోరంగా వినపడింది.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నా మూలంగానా?"

"నా మూలంగానే. తీసింది నేను."

"రేపు ఆమె దగ్గరికి వస్తారా?"

బంతి తలవంచుకున్నాడు.

"ఆడమనిషిని కూడా కొడతారా?"

రేపు ఏం జరుగుతుందో అతనికి బాగా తెలుసు. మేనేజరు ఎక్కడో రుమాలు పరుచుకుని కూర్చుంటాడు. చెయ్యి అంటాడు. బంతీ, నువ్వు, అంటాడు.

*

ఫ్యాక్టరీ గేటు మూడింటికి తెరుచుకుంది. ఆడవాళ్ళు గుంపుగా బయటికొచ్చారు, తలల మీద, భుజాల మీద దూదిపోగులతో. మేనేజరు చేతిలో వార్డుబాయ్ ఫోనులోని ఫోటో ఉంది. పోల్చుకోవడం కష్టం కాలేదు. తమ్ముడి భుజాలే ఆమెవీ. ఆమె పక్కనే బంతి భార్య నడుస్తోంది. చెయ్యి పట్టుకుని మరీ నడుస్తోంది.

పుంజు దారికి అడ్డం నిలబడ్డాడు. గుంపు చీలి పక్కలకి జరిగింది.

"మీ తమ్ముడికి పంపింది నువ్వేనా?" అని మేనేజరు మర్యాదగానే అడిగాడు.

"తమ్ముణ్ణి కొట్టింది మీరేనా?" అంది ఆమె. "ఆసుపత్రిలో పనిచేసేవాడికి ఆసుపత్రిలోనే కుట్లు వేశారు. ఏడు కుట్లు. ఏం చేశాడని? ఒకళ్ళ తలకాయ నరికాడా?"

"నీకెవరు పంపారో చెప్పు. నిన్ను ముట్టుకోం."

ఆమె పక్కకి చూడలేదు. బంతి అది గమనించాడు. పక్కకి చూస్తే దొరికిపోతుందని తెలిసిన మనిషిలా, మెడ బిగించి ఎదురుగానే చూసింది. "ఎవరో పంపారు. గుర్తులేదు."

"గుర్తొచ్చేట్టు చెయ్యి పుంజూ."

పుంజు ఆమె జడ పట్టుకున్నాడు, పట్టుకుని ఆగిపోయాడు. "ఊఁ," అన్నాడు మేనేజరు. పుంజు గుంజాడు. ఆమె మోకాళ్ళ మీద పడింది. సంచీలోంచి భోజనం డబ్బా జారి రోడ్డు మీద దొర్లింది. ఎవరో కేకపెట్టారు. ఆమె నేల మీంచి తలెత్తి, "గుర్తులేదు," అంది మళ్ళీ. షాపాయన నోట్లోంచీ, తమ్ముడి నోట్లోంచీ ఊడిపడినట్టు ఈమె నోట్లోంచి పేరు రాదని బంతికి అర్థమైంది. పుంజు ఖాళీ చెయ్యి పైకి లేచింది.

బంతి భార్య ఒక అడుగు ముందుకు వేసి నోరు తెరిచింది.

"అబ్బ, బాగా వచ్చింది," అన్నాడు బంతి.

గట్టిగా అనలేదు. ఆ చీకటి గదిలో ఎలా అన్నాడో అలాగే, గుసగుసగా అన్నాడు. రెండు రోజుల్లో మేనేజరు ముందు అతను మాట్లాడిన మొదటి మాట అది.

మేనేజరు మెల్లగా తల తిప్పాడు.

"నేనే సార్ తీసింది. నేనే పంపాను. ఆమెని వదిలేయండి."

*

ఊరి చివర, పని అయిపోయి సగం పడగొట్టిన సెట్టు ఉంది. రాతికోటలా రంగు వేసిన చెక్కగోడలు, వెనక్కి వెళ్ళి చూస్తే మేకులు, కర్రలు. మేనేజరు ఒక చెక్కపెట్టె మీద రుమాలు పరిచాడు.

"మీ మనిషే," అన్నాడు ఫైటర్లతో. "మీ యూనియనోడే. నేను ముట్టుకోను. మీరే తేల్చుకోండి. నేను చూస్తాను. హీరో గారు, కళ్ళారా చూశావా అని అడుగుతారు."

నలుగురూ బంతి చుట్టూ నిలబడ్డారు. ఎవరి మొహంలోనూ కళ లేదు. అప్పుడు పుంజు ఎడమకాలి మడమతో నేల మీద రెండుసార్లు తట్టాడు. ఒకటి, రెండు. సెట్లో ఫైట్ మాస్టరు అంకె వేసే తీరు అది. మిగతా ముగ్గురి భుజాలూ ఆ తట్టుకి వదులయ్యాయి. బంతికీ తెలిసింది.

మొదటివాడు కడుపులో గుద్దాడు. పిడికిలి చొక్కాకి తగిలి ఆగింది. రెండో చేత్తో తన తొడ మీదే చరుచుకున్నాడు, చప్పుడు కోసం. బంతి వంగాడు, మూలిగాడు. హీరోకి రాని మూలుగు. రెండోవాడు వెనకనుంచి తన్నాడు. బంతి ఎగిరి దుమ్ములో దొర్లాడు. మూడోవాడు లేపి చెక్కగోడకేసి విసిరాడు. పల్చటి చెక్క పెద్దగా మోగింది, వీపుకి ఏమీ కాలేదు. అన్నీ సరిగ్గా పడుతున్నాయి. ఇంత బాగా వాళ్ళు ఎప్పుడూ చేయలేదు. మేనేజరు పెట్టె మీద ముందుకి వంగి చూస్తున్నాడు. పాతికేళ్ళు సినిమాల్లో ఉన్న మనిషి, నమ్మేశాడు.

ఇంకొక్కటి అయితే అయిపోతుంది. పుంజు వంతు. చెంప మీద. బంతి తల తిప్పుతాడు, పడిపోతాడు, కదలడు. మేనేజరు లేస్తాడు, రుమాలు మడుస్తాడు. తను నడుచుకుంటూ ఇంటికి పోతాడు.

గడప గట్టు మీద పరిచిన షాపాయన సన్నటి వేళ్ళు గుర్తొచ్చాయి. ఆయనకి ఎవరూ అంకె వెయ్యలేదు. తొట్టి అంచు దగ్గర వార్డుబాయ్‌కి ఎవరూ తమ తొడ మీద చరుచుకోలేదు. వాళ్ళకి నిజంది, తనకి ఉత్తుత్తిదా?

పుంజు మడమతో తట్టాడు. ఒకటి. రెండు. భుజం వెనక్కి పోయింది, పిడికిలి అర్ధచంద్రంగా వచ్చింది. బంతి తల తిప్పాల్సిన క్షణం వచ్చింది, వెళ్ళిపోయింది. అతను తల తిప్పలేదు. మొహాన్ని బెత్తెడు ముందుకి పెట్టాడు.

ముక్కు విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. బంతి ఈసారి భుజం మీద దొర్లలేదు. ఆ షాపాయనలాగే నిలువునా కూలాడు. కింద అడ్డంగా పడి ఉన్న దుంగ మెడ పక్కన తగిలింది. లోపల ఎముక పుటుక్కుమంది.

"తల తిప్పలేదేంటన్నా!" పుంజు అరిచాడు. మోకాళ్ళ మీద పడి, రెండు చేతులతో అతని మొహం పట్టుకున్నాడు. నెత్తురు వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. "నేను సరిగ్గానే వేశానన్నా! నువ్వే తిప్పలేదు! ఎందుకు తిప్పలేదు?" నిన్న ఆసుపత్రిలో తొట్టికేసి ఒక మనిషి తల కొట్టినవాడు చంటిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

మేనేజరు లేచి నిలబడ్డాడు. దగ్గరికి రాబోయి, దుమ్ములోకి పాకుతున్న నెత్తురు చూసి ఆగిపోయాడు. మొహం పాలిపోయింది. "యూనియన్ కార్డు తీసుకోండి వీడిది," అని మాత్రం అన్నాడు. ఎవరూ కదల్లేదు. కాసేపు చూసి, తనొక్కడే వ్యాను వైపు నడిచాడు. రుమాలు పెట్టె మీదే ఉండిపోయింది. పుంజు దాన్ని తీసి బంతి ముక్కుకి అదిమిపట్టాడు.

*

ఆ రాత్రి పెద్దాసుపత్రిలో భార్య ట్రాలీ పక్కన నడిచింది. కట్టు కట్టారు. మెడకీ భుజానికీ మధ్య కాలరు ఎముక విరిగిందనీ, ఎముకల వార్డులో పడుకోబెట్టాలనీ డాక్టరమ్మ చెప్పింది. వార్డు నుంచి మనిషి వచ్చేదాకా వరండాలో ఆపారు.

వచ్చినవాడు కనుబొమ్మ మీద పట్టీతో ఉన్నాడు. కాగితం తీసుకుని చదువుకుని, ట్రాలీ చువ్వలు పట్టుకుని, అప్పుడు కిందకి చూశాడు. వాచిపోయిన మొహంలో గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. చేతులు చువ్వల మీదే బిగుసుకున్నాయి.

"నువ్వేగా," అన్నాడు.

"నేనే," అన్నాడు బంతి. ముక్కుకి కట్టుండటంతో మాట ముద్దగా వచ్చింది.

బంతి భార్య రెండు చేతులూ జోడించింది. వార్డుబాయ్ ఆమె వైపు చూడలేదు. "అక్క సాయంత్రమే చెప్పింది, గేటు దగ్గర జరిగింది," అన్నాడు.

బంతి కళ్ళు మూసుకుని తెరిచాడు. "ఫోన్ల షాపాయన... ఇక్కడికి వచ్చాడా?"

"వచ్చాడు. మూడు వేళ్ళు సర్దుకుంటాయి. రెండు ఇక వంగవు."

వరండాలో ఎవరో బకెట్టుతో నీళ్ళు పోసుకుంటూ తుడుచుకుంటూ దగ్గరికొచ్చి, ట్రాలీ చక్రాల చుట్టూ తుడిచి, దాటిపోయారు. వార్డుబాయ్ వంగి బంతి భుజం కింద చెయ్యి పెట్టి, విరిగిన వైపు బరువు పడకుండా దుప్పటి మడత సర్దాడు. కోపంగా ఉన్నా ఆ చెయ్యి తన పనిని మెత్తగానే చేసింది.

"దూకింది కూడా నువ్వేగా?"

"నేనే."

"మూలమంచం ఆయన అడుగుతూనే ఉన్నాడు, ఆ దూకిన మనిషి ఎవరు, ఎక్కడుంటాడు అని. నిన్న లేచి మంచం అంచు మీద కూర్చున్నాడు." వార్డుబాయ్ ఒక్క క్షణం ఆగాడు. "ఇదిగో ఇతనేనని చెప్పనా?"

"వద్దు," అన్నాడు బంతి. "అది చెబితే, నిన్ను కొట్టింది కూడా నేనేనని చెప్పాల్సొస్తుంది."

వార్డుబాయ్ కనుబొమ్మ మీది పట్టీని ఒకసారి తడుముకున్నాడు. కాలితో ట్రాలీ బ్రేకు తీశాడు.

"రెండూ చెప్తా," అని ట్రాలీని వార్డులోకి తోశాడు.